ద్వివర్ణ ఫ్లోరైట్ రత్నం: గుణదోష నిర్ణయం, పరిరక్షణ – చారిత్రక పరిశీలన

పరిశోధన సారాంశం:
రత్నాల విలువను నిర్ణయించే ప్రమాణాలు అన్ని కాలాల్లో ఒకేలా లేవు. రెండు రంగులు పక్కపక్కనే కనిపించే ఫ్లోరైట్ ఇందుకు చక్కని నిదర్శనం. రోమన్లు మెచ్చుకున్న ఇంద్రధనుస్సు మెరుపును నేటి పరీక్షకులు పగులుగా లెక్కిస్తారు. రాయిని విరగకుండా నిలబెట్టిన గుగ్గిలాన్ని కృత్రిమ చికిత్సగా నమోదు చేస్తారు. రోమన్ మురైన్ పాత్రలు, ఇంగ్లండులోని బ్లూ జాన్ పరిశ్రమ, నేటి పలకల రత్నం అనే మూడు దశల ఆధారంగా ఫ్లోరైట్ గుణదోష నిర్ణయాన్ని, పరిరక్షణను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఫ్లోరైట్, మురైన్ పాత్రలు, బ్లూ జాన్, రత్నపరీక్ష, చీలిక తలం, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:
రత్నానికి కాఠిన్యం ప్రధాన గుణమన్న భావన చాలా పాతది. మేలైన వజ్రాన్ని ఇతర ద్రవ్యాలేవీ భేదించలేవని వరాహమిహిరుని బృహత్సంహిత చెబుతుంది. 1812లో ఫ్రెడరిక్ మోస్ పది ఖనిజాలతో కాఠిన్య క్రమాన్ని రూపొందించాడు. అందులో వజ్రానిది 10వ స్థానం, ఫ్లోరైట్‌ది 4వ స్థానం. కాల్షియం ఫ్లోరైడ్ అయిన ఈ ఖనిజం మామూలు గాజు కంటే మెత్తనిది. పైగా దాని స్ఫటికం నాలుగు దిశల్లో సులువుగా, నున్నగా చీలిపోతుంది. కాఠిన్యమే ప్రమాణమైతే ఫ్లోరైట్‌కు రత్నాల వరుసలో చోటు దక్కడం కష్టం. అయినా రెండు వేల ఏళ్ల క్రితమే ఒక సామ్రాజ్యం దానికి అపార ధనం వెచ్చించింది. ఈ వైరుధ్యమే ప్రస్తుత పరిశీలనకు ప్రాతిపదిక.

2. రోమన్ల దృష్టిలో గుణదోషాలు:
క్రీ.పూ. 61లో పాంపే తన విజయోత్సవ సందర్భంగా మురైన్ పాత్రలను మొదటిసారి రోముకు తెచ్చాడని ప్లినీ తన ప్రకృతి చరిత్ర 37వ సంపుటిలో రాశాడు. ఒక్క పాత్రకు నీరో పది లక్షల సెస్టెర్స్‌లు చెల్లించాడని, 3 లక్షల విలువైన తన గరిటె నీరోకు దక్కకూడదని పెట్రోనియస్ మరణానికి ముందు దాన్ని పగలగొట్టాడని అందులోనే ఉంది.

ఈ పాత్రల గుణాలను కూడా ప్లినీ వివరించాడు. ఊదా, తెలుపు రంగులు ఒకదానిలోకి ఒకటి ఒరుసుకుంటూ, వాటి కలయికలో మూడో రంగు పుట్టడం ప్రశస్తం. అంచుల్లో ఇంద్రధనుస్సు వంటి ఛాయలు కనిపించడం కొందరికి ఇష్టం. పారదర్శకత, వెలవెలబోయిన రంగు దోషాలు. వాసన కూడా కొంత గుణమే. 70 వేల సెస్టెర్స్‌ల పాత్ర మీద మోజుతో మాజీ కాన్సల్ ఒకడు దాని అంచును కొరికాడని, ఆ నష్టం పాత్ర విలువను ఇంకా పెంచిందని కూడా ప్లినీ చెప్పాడు.

మురైన్ ఏ ఖనిజమన్న విషయంలో చాలాకాలం వాదం నడిచింది. ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ భరుకచ్ఛం నుంచి ఎగుమతయ్యే ఓనిక్స్ రాళ్లతో పాటు మురైన్‌ను పేర్కొంది. ఓనిక్స్ పైఠాన్ నుంచి, అంటే శాతవాహనుల ప్రతిష్ఠానం నుంచి, బండ్ల మీద అక్కడికి చేరేదని కూడా తెలిపింది. దీన్నిబట్టి మురైన్ అగేట్ కావచ్చునని కొందరు భావించారు. అయితే ప్లినీ దాని పుట్టుకను పార్థియా రాజ్యంలోని కర్మానియాకు ముడిపెట్టాడు. అగేట్ అంచును పళ్లతో కొరకడం సాధ్యం కాదు. 1949లో లోవెంటాల్, హార్డెన్ మురైన్ ఫ్లోరైటేనన్న వాదాన్ని బలపరిచారు. చెక్కేటప్పుడు రాయి చీలకుండా పట్టించిన గుగ్గిలమే ప్లినీ చెప్పిన వాసనకు మూలమన్నది ఈ వాదానికి ఊతమిచ్చే వివరణ. బ్రిటిష్ మ్యూజియంలోని బార్బర్, క్రాఫర్డ్ పాత్రలు ఈ కోవకు చెందిన అరుదైన రోమన్ ఫ్లోరైట్ పాత్రలు.

3. కాసిల్టన్ బ్లూ జాన్:
ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో కాసిల్టన్ దగ్గర ట్రీక్ క్లిఫ్ కొండలో ఊదా-నీలం, తెలుపు-పసుపు చారలున్న ఫ్లోరైట్ దొరుకుతుంది. దాని పేరు బ్లూ జాన్. ఫ్రెంచిలో నీలం-పసుపు అనే అర్థమిచ్చే మాటల నుంచి ఈ పేరు వచ్చిందన్న వ్యుత్పత్తి ప్రచారంలో ఉన్నా దానికి గట్టి ఆధారం లేదు. బర్మింగ్‌హామ్ పారిశ్రామికుడు మాథ్యూ బౌల్టన్ 1768లో ఈ గనులను కౌలుకు తీసుకునే ప్రయత్నం చేశాడు. అతని సోహో కర్మాగారంలో ఈ రాతి కలశాలకు బంగారు పూత కంచు అలంకారాలు అమర్చారు. వాటిలో కొన్ని మూడవ జార్జి రాజు సంస్థానానికి చేరాయి.

ఇక్కడి పనివారు కూడా రాయిని ముందుగా ఆరబెట్టి, వేడిచేసి, కరిగించిన పైన్ గుగ్గిలంలో నానబెట్టి, ఆ తర్వాతే తరిణె మీద తిప్పేవారు. నేడు గుగ్గిలం స్థానంలో ఎపాక్సీ వచ్చింది. వేడి ఎక్కువైతే ఊదా రంగు వెలిసిపోతుంది కనుక ఎంతవరకు కాచాలో తెలియడమే ఆ వృత్తిలో నైపుణ్యం. రాయిని కాపాడే విద్య, దానికి ఆకృతినిచ్చే విద్య ఇక్కడ ఒక్కటే.

4. నేటి పలకల రత్నం – పరీక్ష:
పాత్రల కాలంలో ఫ్లోరైట్ చారల అందం ముఖ్యం. పలకలు తీర్చిన రత్నంలో పారదర్శకత ముఖ్యమైంది. ప్లినీ దోషమన్నది ఇక్కడ గుణం. రెండు రంగుల సరిహద్దు స్పష్టంగా ఉండాలి. రెండు భాగాలూ పరిమాణంలోనూ గాఢతలోనూ తూగాలి. దీర్ఘచతురస్రాకారంలో మెట్ల పలకలు తీర్చి, సరిహద్దును పొడవుకు అడ్డంగా నిలిపితే రెండు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి.

ఫ్లోరైట్ వక్రీభవన గుణకం 1.434, సాపేక్ష సాంద్రత సుమారు 3.18. దీని స్ఫటికం కాంతిని రెండు కిరణాలుగా విడదీయదు. కాబట్టి చూసే దిశను బట్టి రంగు మారే కొన్ని ఇతర రత్నాల స్వభావం దీనికి లేదు. ఇక్కడి రెండు రంగులు స్ఫటికం పెరిగిన దశల్లో పొరలుగా ఏర్పడినవి. రెండు ముక్కలను అతికించి ద్వివర్ణ రత్నంగా చూపే అవకాశం ఉంది కనుక పక్క నుంచి భూతద్దంతో జిగురు గీతను, గాలి బుడగలను వెతకాలి. గీకి చూడడం, కాల్చిన సూదితో గుచ్చడం వంటి పరీక్షలు రత్నాన్నే పాడుచేస్తాయి.

చీలిక తలాల వెంట ఏర్పడిన సన్నని పగుళ్లలో ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తాయి. ప్లినీ కాలంలో కొందరు ముచ్చటపడిన అంచుల ఛాయలకు ఇదే కారణం కావచ్చు. పలకల రత్నంలో మాత్రం అది విరుపుకు ముందస్తు సూచన.

5. పరిరక్షణ:
ఇళ్లలోని ధూళిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. వాటి కాఠిన్యం 7. అందువల్ల పొడిగుడ్డతో తుడిస్తేనే ఫ్లోరైట్ మీద గీతలు పడతాయి. గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి కడిగి, మెత్తని గుడ్డతో నీటిని అద్దాలి. అల్ట్రాసోనిక్ యంత్రం, ఆవిరి, ఆమ్లాలు, ఉన్నట్టుండి మారే ఉష్ణోగ్రత ప్రమాదకరం. నగకు అతుకు వేసేటప్పుడు రాయిని ముందుగా తీసేయాలి. కొన్ని రాళ్ల రంగు వెలుతురుకు తగ్గుతుంది కాబట్టి ఎండ తగిలే చోట ప్రదర్శించకూడదు. ఉంగరం కన్నా పతకం, చెవిపోగు శ్రేయస్కరం. ఇతర రత్నాలతో కలపకుండా విడి సంచిలో దాచాలి.

6. ముగింపు:
గుగ్గిలం లేకుంటే బ్లూ జాన్ కలశాలు తరిణె మీద నిలిచేవి కావు, రోమన్ పాత్రల విషయంలోనూ అదే జరిగి ఉండవచ్చు. అలాంటి వస్తువుకు చికిత్స జరిగిందన్న ఒక్క మాటతో విలువ తగ్గించడం దాని తయారీ చరిత్రను కాదనడమే. దాచిపెట్టిన చికిత్స మోసం. వెల్లడించిన చికిత్స ఆ వస్తువు చరిత్రలో భాగం. ఈ రెంటినీ వేరుచేసి నమోదు చేయడం సంగ్రహాలయానికీ, విక్రేతకూ, పరిశోధకునికీ ఉమ్మడి బాధ్యత. ఫ్లోరైట్ గుణదోషాలను నిర్ణయించేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న, ఆ నిర్ణయం ఏ కాలపు ప్రమాణంతో జరుగుతున్నదన్నదే.