బ్రేకు వేసుడు, ప్యాడ్లు మార్చుడు

‘బ్రేకు వేసిండు’ అంటే బండి ఆపిండు; ‘బ్రేకు ఇచ్చిండు’ అంటే విరామం. ఇంగ్లిషులో స్పెల్లింగు చూపే తేడాను తెలుగులో క్రియ చూపుతుంది. బ్రేకు షూలకు, బ్రేకు ప్యాడ్లకు ఆ సాయం లేదు, రెండింటినీ ‘మారుస్తాం’. నంగునూరు నుంచి సిద్దిపేట దుకాణానికి ఫోన్ చేసి, వెనక డిస్కులున్న కారుకు ‘బ్రేకు షూలు’ అడిగితే చిక్కు అక్కడే. షూలు డ్రమ్మును లోపలి నుంచి బయటికి ఒత్తుతాయి. ప్యాడ్లు డిస్కును రెండు వైపులా నొక్కుతాయి. (ప్యాడ్ అంటే మెత్త, ఇదేమో ఉక్కు పలకకు అంటించిన గట్టి ముద్ద!) ఏ మాటన్నా మెకానిక్‌కు అర్థమైతే చాలదా అనవచ్చు. చక్రం విప్పి చూస్తున్నవాడికి చాలు, ఫోన్లో విన్నవాడికి చాలదు. పైగా కొన్ని కార్లలో వెనక డిస్కు నడుమే హ్యాండ్‌బ్రేకు కోసం చిన్న డ్రమ్ము, దానికి వేరే షూలు ఉంటాయి. ఆ కారుకు షూలు అడిగితే షూలే వస్తాయి, అరిగిన ప్యాడ్లు అట్లనే ఉంటాయి.