ఇందూరు సీమకు వచ్చిన స్కాట్లండు వైద్యురాలు

నిజామాబాదు నుండి హైదరాబాదు దారి పట్టి పది మైళ్ళు పోతే డిచ్‌పల్లి వస్తుంది. ఈనాటివారికి ఆ పేరు వినగానే గుట్టమీది రామాలయమో, 2006లో వెలసిన తెలంగాణ విశ్వవిద్యాలయమో స్ఫురిస్తుంది. మా బాల్యంలో అలా కాదు. బోధన్‌లో చెరకు బండ్లు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ముందు బారులు తీరే ఆ రోజులలో, పెద్దలు డిచ్‌పల్లి పేరును గొంతు తగ్గించి పలికేవారు. ఒక ఇంటినుండి ఎవరినైనా అక్కడికి తీసుకొనిపోయారని తెలిస్తే ఆ ఇంటి పిల్లకు సంబంధం తప్పిపోయినట్లే. 1960ల చివర మా వీధినుండి కూడా ఒకాయన వెళ్ళాడు. అక్కడ ఉన్నది పెద్దరోగపు దవాఖాన.

పెద్దరోగం! వ్యాధిపేరు ఉచ్చరించడానికే జంకి మనవారు కల్పించుకొన్న పలుకుబడి ఇది. శాస్త్రగ్రంథాలలోని కుష్ఠశబ్దం నిజానికి ఈ ఒక్క రోగానికే పరిమితం కాదు. సుశ్రుతుడు పలువిధాల చర్మవ్యాధులను ఆ పేరుక్రింద చేర్చాడు. లోకవ్యవహారంలో మాత్రం ఆ మాట అంతా ఒకే రోగం నెత్తిన పడింది. 1873లో నార్వే దేశీయుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణం ఒక సూక్ష్మజీవి అని కనుగొన్నాడు. పూర్వజన్మ పాపమన్న మాట మన నాలుకమీదినుండి దిగడానికి అది చాలలేదు.

ఆ దవాఖానకు మూలపురుషుడు అనబోయి ఆగుతున్నాను. మూలం ఒక స్త్రీ. పేరు ఇసబెల్ కెర్. 1875లో స్కాట్లండులో జన్మించి, అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టం పొందిన విదుషి. భర్త జార్జి కెర్ మతబోధకుడు. అంతకుముందు వడ్రంగం నేర్చినవాడు. వెస్లియన్ మెథడిస్టు సంఘం పక్షాన ఈ దంపతులు 1907లో నిజాము రాజ్యానికి వచ్చారు. అదే సంఘానికి చెందిన పాస్నెట్ దొర మెదక్‌లో కట్టించిన మహాదేవాలయం సంగతి అందరికీ తెలుసు. కెర్ దంపతుల కథ అంత ప్రసిద్ధం కాలేదు. గోపురం దూరంనుండి కనబడుతుంది, కట్టిన పుండు కనబడదు కదా!

1911లో వారు నిజామాబాదులో చిన్నపాటి చికిత్సాకేంద్రం తెరిచారు. చోటు చాలనంతగా రోగులు వచ్చిపడ్డారు. అప్పుడు చేయూతనిచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా పేరిట ఆసుపత్రి వెలసింది. ముస్లిం ప్రభువు ఏలుబడిలో, హిందువు ఇచ్చిన ధనంతో, క్రైస్తవులు నడిపిన వైద్యశాల అది. అంతవరకు ఇటువంటివారికి ఎక్కడైనా ఆశ్రయమంటూ ఉంటే అది చాలావరకు చచ్చేదాకా తలదాచుకొనే చోటు మాత్రమే. చికిత్స చేసి ఇంటికి పంపాలన్నది ఇసబెల్ సంకల్పం.

పంపడానికి మందేది? చాల్‌మోగ్రా నూనె, దాని జ్ఞాతియైన అడవి బాదం నూనె. నోటికిస్తే వాంతి, సూదితో ఎక్కిస్తే భరించరాని నొప్పి. కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ అనే వైద్యుడు సాగిస్తున్న ఇంజెక్షన్ల పద్ధతిని ఆమె ఇక్కడ ఆచరణలో పెట్టింది. పండితవృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. పడమటి సముద్రతీరంలో పెరిగే తువరక వృక్షపు గింజల తైలాన్ని కుష్ఠచికిత్సలో వాడుమని సుశ్రుతుడు చెప్పినది ఈ జాతి చెట్టునే. మన గ్రంథంలోని తైలం మన రోగికి అందడానికి స్కాట్లండునుండి ఒక ఇల్లాలు రావలసివచ్చింది. అయితే ఆ నూనె రామబాణమేమీ కాదు. తొలిదశలో ఉన్నవారిలో కొందరికి గుణమిచ్చేది, ముదిరినవారికి అంతగా పనిచేసేది కాదు. అది తెలిసీ ఆమె సూది దించలేదు. 1923లో భార్యాభర్తలిరువురికీ కైసర్-ఇ-హింద్ పతకం లభించింది.

ఇదంతా మతప్రచారం కోసమే కదా అనేవారున్నారు. ప్రచారమూ వారి పనిలో భాగమే. వారు దాచుకొన్నది కాదు, నేను దాచవలసిన అవసరమూ లేదు. అందరూ వెలివేసిన మనిషి, తన పుండు కడిగినవారి దేవుణ్ణి కాదనగలిగేటంత స్వతంత్రుడా అన్న ప్రశ్న నన్నూ వేధిస్తుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న అడిగే అర్హత, వానిని గడప ఎక్కనీయని మనకు ఎంతవరకు ఉన్నదో కూడా తేల్చుకోవాలి.

ఇసబెల్ 1932లో కన్నుమూసింది. జార్జి 1938లో ఈ దేశం విడిచాడు. డిచ్‌పల్లిలో పనిచేసిన మరొక వైద్యుడు జాన్ లో, కలకత్తా మీదుగా ఆఫ్రికాలోని నైజీరియా చేరి, ఉజువాకోలి అనే చోట డాప్సోన్ మందును మాత్రగా మ్రింగించవచ్చునని 1950 ప్రాంతంలో నిరూపించినవారిలో ముఖ్యుడయ్యాడు. సూదుల బాధ తొలగింది. 1982 తరువాత రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చాక, నెలల వ్యవధిలోనే నయమయ్యే జబ్బుగా అది మారింది.

మా వీధి ఆయన అంతకు చాలా ముందే తిరిగి వచ్చాడు. మాత్రలు మ్రింగి, నయమైనదన్న కాగితం పట్టుకొని వచ్చాడు. మా నాయనగారికి చదివి వినిపించమని ఆ కాగితం ఇచ్చి అరుగుమీద కూర్చున్నాడు. నాయన చదివారు. అమ్మ మంచినీళ్ళు నా చేత పంపింది. నేను పదేళ్ళవాణ్ణి. ఆయన త్రాగి కడిగి ఇచ్చిన చెంబును మా అమ్మ లోనికి తేనీయలేదు. అది చాలా ఏళ్ళు పెరటి గూట్లోనే ఉండిపోయింది.