"మీదే ఊరు?": ముల్కీ ప్రశ్నయు, ఒక పరిశోధకుడును

మాదాపూరులో సాయంకాలము సైబర్ టవర్సు ఎదుట నిలిచి, దారిని పోవు పదిమందిని "మీదే ఊరు?" అని అడిగి చూడవచ్చును. ఒకరు ఏలూరందురు, ఒకరు కరీంనగరందురు. కటకము, పాట్నా, తిరుచ్చి అనువారును తగులుదురు. మాదాపూరే మా ఊరని చెప్పగలవారు ఆ పదిమందిలో ఒక్కరుండుటయు అరుదే. అడిగినవారికి గాని చెప్పినవారికి గాని ఆ మాటలో ఏ కష్టమును తోచదు. చాయి చల్లారకముందే మరచిపోవుదురు.

కాని ఈ నగర చరిత్రలో నూరేండ్లకు పైగా ఈ ప్రశ్న ఇంత తేలికగా ఉండలేదు. దీని మీద ఉద్యోగములు నిలిచినవి, పోయినవి. దీని కొరకు విద్యార్థులు తుపాకి గుండ్లకు గురియైరి. సర్వోన్నత న్యాయస్థానము పలుమారులు దీనిపై తీర్పు చెప్పవలసివచ్చెను.

వలస వచ్చువారిని వ్యతిరేకించు పార్టీలను గూర్చి నేడు వార్తలలో తరచుగా వినుచున్నాము. ఫ్రాన్సు, ఆస్ట్రియా, నెదర్లాండ్సు, అమెరికా, ఎచ్చట చూచినను ఎన్నికలలో అదియే పెద్ద వాదము. విశ్వవిద్యాలయములలో ఈ పార్టీల అధ్యయనమే ఒక శాఖగా పెరిగినది. హాన్స్ గేయోర్గ్ బెట్జ్ 1994లోను, డచ్చి పండితుడు కాస్ ముడ్డె 2007లోను ప్రకటించిన గ్రంథములు అందులో పేరుపొందినవి. దేశము స్థానికులదే, తక్కినవారు దానికి ముప్పు అను భావమునకు 'నేటివిజము' అని పేరు. ఆ పార్టీలకు అదియే మూలమని ముడ్డె చూపెను. మనవారు ఇవి విని, ఎక్కడివో దూరదేశపు తగవులనుకొందురు. నిజమునకు ఈ శాస్త్రపు తొలి పాఠములలో ఒకటి మన హైదరాబాదును చూచియే వ్రాయబడినది. వ్రాసినవారు మైరన్ వీనర్.

వీనర్ 1931లో జన్మించిరి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొంది, 1961 నుండి మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయములో రాజనీతిశాస్త్రము బోధించిరి. భారతదేశపు పార్టీలను గూర్చిన వారి గ్రంథము 1957లో వెలువడెను. 1967లో కాంగ్రెసు సంస్థను గూర్చి వ్రాసిన మరియొక గ్రంథమునకై వారు ఎన్నుకొన్న ఐదు ప్రాంతములలో మన గుంటూరు ఒకటి. తరువాత వారి దృష్టి పార్టీల నుండి వలస వైపు మరలెను. 1978లో 'సన్స్ ఆఫ్ ది సాయిల్', అనగా భూమిపుత్రులు, అను గ్రంథము వచ్చెను. అస్సాము, ఛోటానాగపూరు, హైదరాబాదు అందులోని ప్రధానోదాహరణములు. 1981లో మేరీ ఫెయిన్‌సాడ్ కాట్జెన్‌స్టైన్‌తో కలిసి, కె.వి. నారాయణరావుగారి తోడ్పాటుతో, స్థానికులకు ఉద్యోగములలో మొగ్గు చూపు విధానములపై మరియొక గ్రంథము ప్రకటించిరి. కాట్జెన్‌స్టైన్ బొంబాయిలోని శివసేనను పరిశోధించిన విదుషి. నారాయణరావుగారు ఆంధ్రప్రదేశ్ అవతరణను గూర్చి 1973లోనే విపులమైన గ్రంథము వ్రాసినవారు. విదేశీయుల పుస్తకములకు తోడ్పడిన మనవారి పేర్లను మనము తరచుగా దాటిపోవుదుము. ఇక్కడ ఒక్క క్షణమాగుట న్యాయము.

ఇన్ని నగరములుండగా హైదరాబాదే ఏల? అస్సాములో వచ్చినవారి భాష వేరు. ఛోటానాగపూరులో గిరిజనులకును బయటివారికిని భాషయు ఆచారమును వేరు. ఇచ్చట 1948 తరువాత వచ్చినవారిలో ఎక్కువమంది తెలుగువారే. ఉన్నవారిలోను తెలుగువారు పెక్కురు. అయినను తగవు వచ్చెను. పరిశోధకునికి ఇంతకు మించిన సమస్య దొరకదు.

ఆ తగవు పుట్టుక మాత్రము తెలుగువారితో కాదు. మొదటి సాలార్‌జంగు 1853 నుండి 1883 వరకు దివానుగా నుండి, పరిపాలనను సంస్కరించుటకై ఉత్తర హిందూస్థానమునుండి చదువుకొన్నవారిని రప్పించెను. మొహసిన్ ఉల్ ముల్కు, సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ అట్టివారే. వారు సమర్థులు; ఆ సామర్థ్యమే స్థానికులకు కంటగింపయ్యెను. 1880ల నడుమ పర్షియను తొలగి ఉర్దూ రాజభాషయైన తరువాత పాత కుటుంబములవారికి తమ పాత విద్య అక్కరకు రాలేదు. ముల్కు అనగా దేశము. దేశమువాడు ముల్కీ, కానివాడు గైర్ ముల్కీ. ఈ రెండు మాటలును కచేరీలలో పుట్టి వీధులకు దిగినవి.

1919 నాటి నిజాము ఫర్మానాతో ముల్కీ నిబంధనలు స్థిరపడినవి. వాటిలో ఒకటి శ్రోతలు ప్రత్యేకముగా గమనింపవలెనని మా కోరిక. బయటివాడు ముల్కీ కావలెనన్న రాజ్యములో పదునైదేండ్లు స్థిరనివాసముండవలెను. అంతటితో చాలదు. తన పూర్వపు ఊరికి తిరిగిపోవు తలంపు విడిచితినని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రము వ్రాసియీయవలెను. గుమాస్తా ఉద్యోగమునకై మనిషి తన మనస్సును సయితము కాగితముమీద పెట్టవలసివచ్చెనన్నమాట! తరువాత 1930ల నడుమ నిజాము ప్రజల సంఘము ఒకటి వెలసి, హైదరాబాదు హైదరాబాదీలదే అను వాదము లేవదీసెను. హిందువులును ముస్లిములును ఉమ్మడిగా నడపిన సంఘమది.

1948 సెప్టెంబరులో రాజ్యము భారతదేశమున కలిసిన పిమ్మట మద్రాసు వైపు నుండియు తక్కిన చోట్ల నుండియు ఉద్యోగులు, ఉపాధ్యాయులు వచ్చిరి. ఉర్దూలో చదివి పట్టము పొందిన స్థానిక యువకునికి కచేరీలో ఇంగ్లీషు ఎదురయ్యెను. తెలుగు వచ్చినను అది సర్కారు జిల్లాల తెలుగు కాదాయెను. 1952లో వరంగల్లులో విద్యార్థుల ఆందోళన మొదలై నగరమునకు ప్రాకెను. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజీ ప్రాంతమున పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. బూర్గుల రామకృష్ణారావుగారు నాడు ముఖ్యమంత్రి; జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డిగారు విచారణ జరిపిరి. గైర్ ముల్కీలతో పాటు ఇడ్లీ సాంబారు కూడ వెళ్ళిపోవలెనని నాటి ఊరేగింపులలో నినాదము కలదు. నేడు కొండాపూరులో ఇడ్లీ బండి లేని వీధిని వెదకి పట్టుకొనవలసినదే!

తరువాతి అంకములు శ్రోతలకు తెలిసినవే, త్వరగా చెప్పుకొందము. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందము, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. ఉద్యోగములపై చేసిన బాసలు చెల్లలేదని 1969 జనవరిలో పాల్వంచ, కొత్తగూడెముల వైపు నుండి ఉద్యమము లేచెను. ఆ సంవత్సరము మార్చిలో నివాసపు నియమము చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు. 1971లో తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానములలో 10 తెలంగాణ ప్రజాసమితివి. 1972 అక్టోబరు 3న పాత ముల్కీ నిబంధనలు చెల్లునని అదే న్యాయస్థానము చెప్పగా, ఈసారి కోస్తాలోను రాయలసీమలోను జై ఆంధ్ర ఉద్యమము. పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వము పోయి 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చెను. ఆ సెప్టెంబరులో ఆరు సూత్రములు, వాటి వెంట రాజ్యాంగములో 371-డి అధికరణము, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు. ముల్కీ అను మాట చట్టములోనుండి తొలగి 'స్థానిక అభ్యర్థి' అను మాట వచ్చి కూర్చుండెను.

వీనర్ ఈ కాగితములన్నియు చూచి అడిగిన ప్రశ్న చిన్నది. వలసయున్న ప్రతిచోటను ఈ ద్వేషము పుట్టదేమి? అస్సాము తేయాకు తోటలకు ఎక్కడెక్కడినుండియో వచ్చిన కూలీలపై చదువుకొన్న అస్సామీయులకు కోపము లేదు. కచేరీలలోని బెంగాలీ ఉద్యోగిపై కలదు. నిజాంసాగరు కాలువల క్రింద కోస్తా రైతులు వచ్చి స్థిరపడిరి. అచ్చట అసంతృప్తి లేదని కాదు, కాని ముల్కీ ఉద్యమము లేచినది పొలమునుండి కాదు, కాలేజీనుండి. ఒక ప్రాంతములో తొలితరము చదువుకొని బయటికి వచ్చును. వచ్చునప్పటికి కుర్చీలన్నిటిలో పరులు కూర్చుండియుందురు. అదియే నిప్పు. పేదరికము కాదు, పైకి పోవు మెట్టు మూసుకొనిపోవుటయే దానికి కారణమని వారి సిద్ధాంతము. హైదరాబాదు కథను వారు మధ్యతరగతివారు తమకు తాము కట్టుకొన్న రక్షణగా చూచిరి.

ఈ సిద్ధాంతము చాల వరకు నిజమే. కాని ఒక లోటు మాకు తోచుచున్నది. కుర్చీలను లెక్కించు కంటికి పలుకు కనబడదు. తెలంగాణపు యాసను నాటకములో నవ్వించు పాత్రకు వదలి, గంభీరమైన విషయములకు కోస్తా పలుకే తగునని తలచిన కాలము మా ప్రసార వృత్తిలో కలదు. మేమును ఆ పలుకులోనే తరిఫీదు పొందితిమి. ఇప్పటికిని మైకు ఎదుట ఎఱ్ఱదీపము వెలుగగనే మా అమ్మ మాట నోటికి రాదు. ఇది ఏ జీతపు పట్టికలోను చేరని లెక్క. మరియొకటి. ఐరోపాలో ఈ పార్టీలు ఎదిరించునది ఎక్కువగా అధికారము లేని కొత్తవారిని. ఇచ్చట వచ్చినవారిలో అధికారులుండిరి, పాలకులుండిరి, వ్రాసియిచ్చిన ఒప్పందమును మీరినవారుండిరి. ఈ రెండింటిని ఒకే సంచిలో వేయుట తొందరపాటు.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిరి. అప్పుడొక చిత్రమైన సంగతి జరిగెను. 1975 ఉత్తర్వు ప్రభుత్వోద్యోగములకే గాని ప్రైవేటు కంపెనీలకు వర్తించదు. కనుక నగరమున అన్నిటికంటె ఎక్కువ జీతములిచ్చు ఉద్యోగములు పుట్టిన చోట ఎవరును స్థానికతా పత్రము అడుగలేదు. ఒక శతాబ్దము పాటు కచేరీ గుమ్మమున కాపున్న ప్రశ్న ఈ అద్దపు గుమ్మమును చూడనే లేదు. అంతమాత్రాన చావలేదు. కుర్చీ విడిచి నేలకు దిగెను. మాదాపూరు, రాయదుర్గము, నానక్‌రాంగూడ గ్రామముల నేల ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదన్నది ఉద్యమసభలలో మాటయయ్యెను. పోలీసు ఉద్యోగములకు హైదరాబాదు ఫ్రీజోన్ అని 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు పాత నిప్పు మరల రాజుకొనెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడెను.

అటు పిమ్మట జరిగినది వీనర్ చూచియుండినచో ఒక అధ్యాయము పెంచియుందురు. 2016 నగరపాలక ఎన్నికలలో, రాష్ట్రోద్యమము నడపిన తెలంగాణ రాష్ట్ర సమితియే 150 స్థానములలో 99 గెలిచెను. కోస్తావారు ఎక్కువగా నివసించు కూకట్‌పల్లి వైపున సయితము చాలవరకు అదియే గెలుపు. పొమ్మందురేమోనని రెండేండ్ల క్రితము భయపడినవారే ఓటువేసిరి.

వారి సిద్ధాంతమునకు అచ్చముగా సరిపోయిన దృశ్యము వేరొకటి కలదు. 2020 మే 1వ తేదీ తెల్లవారుజామున, దేశమంతయు లాక్‌డౌన్‌లో నుండగా, వలస కూలీలకై దేశములో మొదటి ప్రత్యేక రైలు బయలుదేరినది లింగంపల్లి స్టేషనునుండియే. సుమారు 1,200 మంది ఝార్ఖండు కూలీలు హటియాకు పోయిరి. ఈ కారిడారు గోడలు లేపినవారు అట్టి బయటివారే. వారు గైర్ ముల్కీలని ఎవ్వరును ఊరేగలేదు. వారు పోయినప్పుడు మాత్రము పని ఆగెనని బిల్డర్లు చింతించిరి. వారి తాపీని, తట్టను ఆశించు స్థానిక పట్టభద్రుడు లేడు గదా.

వీనర్ చివరి దశలో భారతదేశమును దాటి ప్రపంచ వలసను గూర్చి ఆలోచించిరి. 1995లో 'ది గ్లోబల్ మైగ్రేషన్ క్రైసిస్' వెలువడెను. 1999 జూన్‌లో, సైబర్ టవర్సు తెరచిన ఏడవ నెలలో, వారు కన్నుమూసిరి. ఆ టవర్సులో పని నేర్చినవారు అదే కాలమున అమెరికాకు ప్రయాణమగుచుండిరి. 1990 చట్టముతో వచ్చిన హెచ్-1బి వీసాలు అప్పుడు ఏటికి 1,15,000. 2001 నుండి మూడేండ్లు 1,95,000. ఆ తరువాత 65,000కు దిగి, అమెరికాలో పై చదువు చదివినవారికి మరి 20,000 కలిసినవి. ఇచ్చట వచ్చినవానిపై పడిన కన్ను అచ్చట మనవానిపై పడెను. 2017 ఫిబ్రవరి 22న కన్సాసు రాష్ట్రములోని ఓలేతా పట్టణమున ఒకడు, తన దేశమునుండి పొమ్మని అరచి, ఒక తెలుగు ఇంజనీరును కాల్చిచంపెను. ఆ యువకుని దేహము ఈ నగరమునకే తిరిగివచ్చెను. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించుచు అమెరికా అధ్యక్షుని ప్రకటన వెలువడెను. అచ్చటి వాదము వినుడు: మా చదువుకొన్న పిల్లల కుర్చీలలో పరులు కూర్చుండిరి. 1952 నాటి వరంగల్లు విద్యార్థి దీనిని ఇంగ్లీషులోనుండి తనకు తానే తెలిగించుకొనగలడు.

అమెరికా కాన్సులేటు 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరువబడి, 2023 మార్చిలో నానక్‌రాంగూడకు, కంపెనీల నడుమకు, తరలివచ్చెను. దస్త్రములు చేతబట్టి విద్యార్థులు అచ్చట వరుసలో నిలుతురు. విద్యార్థి వీసా కోరువాడు, చదువు ముగియగనే స్వదేశమునకు తిరిగివచ్చు తలంపు తనకు కలదని అధికారిని నమ్మింపవలెను. 1919లో ఈ నగరమునకు వచ్చినవాడు తిరిగిపోవు తలంపు లేదని ప్రమాణము చేయవలసియుండెను. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసివచ్చి ఆ వరుసలో నిలిచిన పిల్లవాని తండ్రిని, గేటు వెలుపల, "మీదే ఊరు?" అని మేమొకనాడు అడిగితిమి. ఒక్క క్షణమాలోచించి, "హైదరాబాదేనండి" అనెను. మాట మాత్రము గోదావరి ఒడ్డుది.