డెంటల్ ఎక్స్‌రే: పన్ను పొట్టిగా, పొడవుగా కనిపిస్తోందా? తప్పు పంటిది కాదు.. తీసిన తీరుది!

పంటి నొప్పితో క్లినిక్‌కు వెళ్తే డాక్టర్ ముందు అడిగేది ఎక్స్‌రేనే. తీరా తీశాక "ఇంకోసారి తీయాలి" అంటారు. జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టే మహిళలైనా, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులైనా పని మానుకునే రావాలి. ఫొటో సరిగ్గా రాకపోతే మళ్లీ ఆలస్యం, మళ్లీ రేడియేషన్. చూసుకోకుండా వదిలేస్తే ట్రీట్‌మెంటే తప్పొచ్చు.

అసలు తేడా ఎక్కడ?

ఎండలో నీడను గుర్తు చేసుకోండి. మధ్యాహ్నం పొట్టిగా, సాయంత్రం పొడవుగా పడుతుంది. ఎక్స్‌రే కూడా అంతే. ట్యూబ్‌ను నిలువుగా మరీ ఎక్కువ వంచితే పన్ను పొట్టిగా, తక్కువ వంచితే సాగినట్టు వస్తుంది. రూట్ కెనాల్‌కు వేరు పొడవే కీలకం. అందుకే సెన్సార్‌ను పంటికి సమాంతరంగా, హోల్డర్‌తో పెట్టే పద్ధతే మేలు.

ఈ తప్పులూ మామూలే..

* ట్యూబ్ పక్కకు తిరిగితే పళ్లు ఒకదానిపై ఒకటి పడతాయి. పళ్ల సందులో పుచ్చు కనిపించదు.
* కిరణాలు సెన్సార్ మొత్తంపై పడకపోతే ఓ మూల తెల్లగా మిగులుతుంది.
* సెన్సార్ లోపలిదాకా వెళ్లకపోతే వేరు కొస తెగిపోతుంది. కొస దాటి 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎముక కనిపించాలి.

ఓపీజీలో జాగ్రత్త

దవడ మొత్తం తీసే ఓపీజీలో గదవ మరీ కిందికి దించితే పళ్ల వరుస నవ్వినట్టు, పైకెత్తితే మూతి ముడిచినట్టు వస్తుంది. నాలుకను అంగిలికి ఆనించకపోతే పై పళ్ల వేర్ల మీద నల్లటి పట్టీ పడుతుంది. చెవి కమ్మలు తీయకపోతే వాటి నీడ అవతలి వైపు, కాస్త పైన, మసకగా పడుతుంది.

మీరేం చేయాలి?

కమ్మలు, ముక్కుపుడక, మెడలో గొలుసులు, కట్టుడు పళ్లు ముందే తీసేయండి. తల కదపొద్దు. వాంతి వచ్చేలా ఉంటే ముక్కుతో మెల్లగా ఊపిరి పీల్చండి. గర్భిణులైతే ముందే చెప్పండి.

భయపడాలా?

అక్కర్లేదు. చిన్న ఎక్స్‌రేకు పడే డోసు సుమారు 0.005 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచే ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. మన దేశంలో డెంటల్ ఎక్స్‌రే మెషీన్లకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డోసు తక్కువే అయినా, మొదటిసారే సరిగ్గా వస్తే రెండోది అక్కర్లేదు కదా! మళ్లీ తీయాలంటే మాత్రం కారణం అడగండి.. అది మీ హక్కు.