అడిగినవానికి అధికారము కలదా?

హైదరాబాదు నుండి ముంబయి రహదారిపై జహీరాబాదు దాటి పోగా, కర్ణాటక సరిహద్దు చేరువన చిరాగ్‌పల్లి కలదు. అచటి తనిఖీ కేంద్రమున చాలాకాలము లారీల పత్రములను పరీక్షించుచుండిరి. లారీ ప్రక్కనున్న బండ్లబాట పట్టినచో, కేంద్రమెంత గట్టిదైనను ఫలము లేదు. కంప్యూటరులలోను ఇట్టి అడ్డదారులు కలవు. వాని చరిత్ర అరువది యేండ్లకు మించినది.

1961లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో, పలువురు ఒకే కంప్యూటరును పంచుకొను ఏర్పాటును ప్రదర్శించిరి. అందు ప్రతివానికి ఒక సంకేతపదము, కొంత పరిమిత కాలము కేటాయింపబడెను. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి ఆ కాలము చాలలేదు. చిల్లుల కార్డుపై కోరిక తెలిపినచో దస్త్రములను అచ్చువేసి యిచ్చు పద్ధతి యుండెను. ఆయన సంకేతపదముల దస్త్రమునే కోరెను. అది అచ్చై వచ్చెను! తాళము చెడలేదు. అచ్చువేయు ఏర్పాటు మాత్రము, అడిగినవానికి అధికారము కలదా యని చూడలేదు.

ఏ సమాచారమును ముట్టినను, ముట్టిన ప్రతిసారి అధికారమును పరీక్షింపవలెనని 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు సూత్రీకరించిరి. 1988లో నార్మన్ హార్డీ మరియొక ఉదాహరణ చూపెను. ఒక కంపైలరుకు తన లెక్కలు వ్రాసికొనుటకై, వాడుకదారులకు లేని ప్రత్యేకాధికార మిచ్చిరి. ఒక వాడుకదారు ఫలితమును వ్రాయవలసిన చోటుగా బిల్లుల దస్త్రము పేరు చెప్పెను. కంపైలరు తన అధికారముతో దానిపై వ్రాయగా, బిల్లులు నశించెను. సేవకుని అధికారము యజమాని పనికి గాక పరుని పనికి వినియోగమైనది.

నేటి సంభాషణ వేదికలకు చేర్చు ప్లగిన్లు, అనగా అనుబంధ కార్యక్రమములు, ఇట్టి సేవకులే. జహీరాబాదులోని ఒక పాఠశాల తన వేదికకు మార్కులు తెలుపు ప్లగిన్ చేర్చినదనుకొందము. అది అందరి మార్కులను చదువగలదు. ఒక విద్యార్థి తన పేరుతోనే ప్రవేశించి, తోటివాని సంఖ్య నిచ్చి అడిగెను. అతడెవరో వేదికకు తెలియును. కాని ఆ మార్కులు అతడు చూడదగునా యని ప్లగిన్ విచారింపనిచో, తోటివాని గుట్టు బయటపడును. తెరపై మీటను దాచినంతమాత్రమున చాలదు. కోరికను నేరుగా పంపవచ్చును గదా!

2015లో వెలువడిన మేటర్‌మోస్ట్ వేదిక ప్లగిన్లలో ఇట్టి లోపములు పలుమార్లు బయటపడి సవరింపబడినవి. వెబ్ కార్యక్రమముల ముఖ్య లోపములపై ఓవాస్ప్ సంస్థ 2021లో వెలువరించిన పట్టికలో, అధికార పరీక్షలోని లోపము అయిదవ స్థానమునుండి మొదటి స్థానమునకు వచ్చెను.

కార్యక్రమములు వ్రాయ నేర్చు విద్యార్థులు ఒక పరీక్ష చేయవచ్చును. తాము వ్రాసిన దానిలో రెండు ఖాతాలు తెరచి, ఒకదానినుండి రెండవదాని సమాచారమును కోరవలెను. నిరాకరణ రానిచో, బండ్లబాట తెరచియున్నట్లే.