ఆసఫ్‌జాహీ వారసత్వ కలహమును నూజివీటి సీమయు

నూజివీటి సీమ క్రీ. శ. 18వ శతాబ్ది నడుమ నెవరి యేలుబడిలో నుండెనని యడిగినచో నొక్కమాటతో సమాధానము చెప్పుట కష్టము. 1748 మొదలు 1766 వఱకు గల పదునెనిమిది వత్సరములలో నీ ప్రాంతము నిజామునుండి పరాసువారికిని, వారినుండి మరల నిజామునకును, తుదకు ఇంగ్లీషు కుంపిణీకిని జిక్కినది. దీనికి యుద్ధములు కారణమని చెప్పుట వాడుక. యుద్ధములు జరిగినమాట నిజము. కాని వానికి మూలమైన ప్రశ్న వేఱు. ప్రభుత్వమంతయు నొక్క మనుష్యునియందే నిలిచియున్నపుడు, అతఁడు పోయిన పిమ్మట నది యెవరిది?

నిజాముల్‌ముల్కు ఆసఫ్‌జాహు 1724లో శకర్‌ఖేడా యుద్ధమున ముబారిజ్‌ఖానును గెలిచి దక్కను సుబాను స్వాధీనపఱచుకొనెను. పేరునకు ఢిల్లీ పాదుషాకు సుబేదారు, ఆచరణమున స్వతంత్రుఁడు. సుబేదారీ పాదుషా యిచ్చు నుద్యోగమే కాని వంశక్రమమున వచ్చు రాజ్యము కాదు. అట్లని పాదుషా దానిని మఱియొకని కిచ్చి నిలుపగల స్థితియు లేదు. ఔరంగజేబునాఁటినుండి వచ్చిన ప్రతిష్ఠ, దీర్ఘానుభవము, సేనానులతోడి స్వయముగా నెఱపిన సంబంధములు, ఇవియే యా ప్రభుత్వమునకు స్తంభములు. అతఁడు జీవించియున్నంతకాల మీ యస్పష్టత యతనికి లాభమే. పాదుషాకు లోఁబడినట్లును, లోఁబడనట్లును నడచుట కది తావిచ్చెను.

వ్యాకరణమున ఆదేశమని యొక మాట కలదు. ఒకదాని చోటికి మాఱుగా వచ్చునది యాదేశము. ఏది తొలఁగెనో యది స్థాని. స్థానికిఁ గల ధర్మము లాదేశమునకును వచ్చునని పాణిని నియమము. అస్ ధాతువు చోట భూ యను నది వచ్చినపుడు దానికిని ధాతుత్వము గలుగుట యిట్లే. కాని యా నియమమునందే యొక నిషేధము గలదు: స్థాని యొక్క వర్ణముల నాశ్రయించిన కార్యములు ఆదేశమునకు రావు. అధికారము విషయమున నీ భేదమును గమనింపవలెను. పదవి నాశ్రయించిన యధికారము వారసునకు సంక్రమించును. మనుష్యుని గుణమును, పరిచయములను, భయమును ఆశ్రయించినది సంక్రమింపదు. ఆసఫ్‌జాహు నధికారమున బహుభాగ మీ రెండవ తెగకుఁ జెందినది.

1748లో నతఁడు బుర్హాన్‌పురమున మరణించెను. పెద్దకుమారుఁడు గాజీయుద్దీను ఢిల్లీలో నుండెను. రెండవవాఁడు నాసిరుజంగు 1741లో దండ్రిపైఁ దిరుగఁబడినవాఁడే యైనను, చేరువ నుండుటచే సైన్యమును బొక్కసమును గైకొనెను. కూఁతుకొడుకు ముజఫరుజంగు పాదుషా సుబాను దనకే యిచ్చెనని చెప్పుకొని, చందాసాహెబుతోడను పరాసువారితోడను గలిసెను. ఒకనికి వయస్సు, ఒకనికి స్వాధీనము, ఒకనికి ఫర్మానా యను వాదము. వీనిలో నేది ప్రమాణమో తేల్చు ధర్మాసనము లేదు. కావున నిర్ణయము కత్తులయొద్దకుఁ బోయెను.

1750 డిసెంబరులో నాసిరుజంగు చెంజి చేరువఁ దన పక్షమునఁ బోరవలసిన పఠాను నవాబుల ద్రోహమున హతుఁడయ్యెను. ఆ నవాబులే ప్రతిఫలము చాలదని యలిగి ముజఫరుజంగుపైఁ దిరిగిరి. 1751 ఫిబ్రవరిలో నతఁడు కడప సీమలోఁ గూలెను. వెంటనే పరాసు సేనాని బుస్సీ, బందీగా నున్న సలాబతుజంగును విడిపించి గద్దె నెక్కించెను. 1752లో గాజీయుద్దీను ఔరంగాబాదునకు వచ్చి, విషప్రయోగమున మరణించెను. నాలుగేండ్లలో మువ్వురు హక్కుదారులు గతించిరి. నాలుగవవాఁడు మిగిలినది స్వశక్తిచేఁ గాదు, పరదేశి తుపాకులచేత.

ఆ తుపాకుల మూల్యమును జెల్లించినది మన సీమ. సైన్యపు జీతముల నిమిత్తము సలాబతుజంగు 1753లో ఏలూరు, కొండపల్లి, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను బుస్సీ కిచ్చివేసెను. బుస్సీ యధికారమైనను అట్టిదే. 1758లో లాలీ యతనిని వెనుకకుఁ బిలువఁగా, స్థానమున వచ్చిన కాన్‌ఫ్లాన్సునకు నా పలుకుబడి రాలేదు. విజయనగర ప్రభువు ఆనందరాజు ఇంగ్లీషువారిని రావించెను. ఆ డిసెంబరులోనే చందుర్తియొద్దఁ బరాసువా రోడిరి. 1759 ఏప్రిలులో బందరు కోటయుఁ బోయెను. సలాబతుజంగును 1762లోఁ దమ్ముఁడు నిజామలీ చెఱపట్టెను. మఱుసటి యేఁడు బీదరులో నతఁడు మరణించెను. 1765లో షా ఆలము ఫర్మానాను, 1766లో నిజామలీ యొడంబడికను బొంది కుంపిణీవారు సర్కారులకుఁ బ్రభువులైరి.

నూజివీటి సంస్థానము తన కొలఁదికి నీ కథనే మరల నడపినది. 1783లో జమీందారు నారయ్యప్పారావు కుంపిణీపైఁ దిరుగఁబడఁగా జమీందారీ జప్తయ్యెను. పిదప నొకప్పుడు పెద్దకుమారుఁడు వేంకటనరసింహప్పారావును, ఒకప్పుడు చిన్నవాఁడు రామచంద్రప్పారావును దొరలు నిలిపిరి. తుదకు 1802లో పర్మనెంటు సెటిల్మెంటు నాఁడు నిడుదవోలు పెద్దవానికిని, నూజివీడు చిన్నవానికిని వేర్వేఱు సన్నదు లిచ్చిరి. అన్నదమ్ములలో నెవఁడు ప్రభువో మరల పరదేశియే చెప్పెను.

కాని తరువాతి తగవు వేఱు రీతిగా ముగిసినది. ఈ జమీందారీ జ్యేష్ఠునికే చెందునా, సోదరులందఱు పంచుకొనవచ్చునా యను వ్యాజ్యము లండనులోని ప్రివీకౌన్సిలు దాఁక నెక్కెను. ప్రాత సంస్థానము జప్తుతోనే యంతరించెననియు, 1802 నాఁటి సన్నదు క్రొత్త దానమనియు, కావున సామాన్య దాయధర్మమే వర్తించుననియు 1880 ప్రాంతమునఁ దీర్పు వచ్చెను. ఉయ్యూరు, మీర్జాపురము, తేలప్రోలు మొదలగు ఖండములుగా నూజివీడు విడిపోయెను. సంస్థానపు పూర్వవైభవము తగ్గినదని విచారించువారు గలరు. అయినను చెంజిలోవలె, ఔరంగాబాదులోవలె దాయాదుల నెత్తు రొలుకలేదు. 1948 నాఁటి ఎస్టేట్ల రద్దు చట్టము ఆ ఖండములను గూడఁ దీసివేసినపుడును దారి శాసనమే.

మామిడితోటల మన సీమలో టెంకఁ బాతి తల్లిచెట్టు పండునే యాశించు రైతు లేఁడు. అందులకే యంటు గట్టుదురు. ప్రభుత్వమునకు నట్టి కట్టుబాటు కావలెను. తన తరువాత నెవరో తేల్పకయుండుట యేలికకు బలమువలెఁ దోఁచును. ఆశపడువారందఱు నతనినే కొలుతురు. ఆ బల మతనితోనే పోవును. దాని ఋణము మాత్రము నిలిచి, యా కలహమున నే పక్షమునకుఁ జెందని యూళ్లపైఁ బడును.