కొత్తవా, పాతవా?

మా ఆడపడుచు పురిటికి వస్తోందని, మొన్న అత్తగారిని వెంటబెట్టుకుని గుడివాడలో బియ్యం కొట్టుకి వెళ్లాను. కుర్రాడు మూట మీద చెయ్యి వేసి, "స్టీమ్ కావాలా, రా?" అన్నాడు. అత్తగారు గతుక్కుమని, "ఎవర్నమ్మాయ్, రా అంటున్నాడు?" అన్నారు. అది ఇంగ్లీషు మాట అనీ, ఆవిరి పట్టని పచ్చి బియ్యం అనీ చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. "అదంతా నాకెందుకు? కొత్తవో పాతవో చెప్పమను" అన్నారావిడ.

నవ్వుకున్నాను గానీ, ఎంచుకునే ఆ భాగ్యం మన డెల్టాకి ఎప్పటిదంటారు? 1832-33లో నందన కరువొచ్చి గుంటూరు సీమలో లక్షకు పైగా జనం పోయినప్పుడు కృష్ణకి ఆనకట్ట లేదు. తర్వాత కాటన్ దొర పట్టు పట్టగా, ఓర్ అనే ఇంజనీరు చేతిమీదుగా 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. కాలవల వెంబడి వరి దిగింది. ఇంట్లో నిండుగా ఉన్నప్పుడే కదా, నిరుటివి తిని ఈ ఏటివి దాచుకోవడం!

గడ్డితో పేనిన వెంటిని చుట్టలు చుట్టలుగా పేర్చి, మధ్యలో ధాన్యం పోసి, పైన పేడతో మెత్తితే పురి. మా నాయనమ్మ లెక్కలో ఏడాది దాటినవి పాతవి, రెండేళ్లవి చుట్టాలొస్తే వండేవి. కొత్త బియ్యం మీరూ వండే ఉంటారు. గంజి చిక్కగా, అన్నం ముద్దగా వస్తుంది. సంక్రాంతి పొంగలికి అదే అందం. పాతవి ఎసరు బాగా తాగి ఒదుగుతాయి, మెతుకూ మెతుకూ అంటుకోదు. నిలవ మీద గింజలోని మాంసకృత్తులు బిగుసుకుని, ఉడికేటప్పుడు పిండిని బయటికి రానివ్వవట. బాలింతకి పాత బియ్యమే పెట్టాలన్న పెద్దవాళ్లకి ఈ సంగతులు తెలియకపోయినా, ఎసటి లెక్క తెలుసు.

అయితే కళ్లంలో కూలి కొలిపించుకుని, ఆ పూటే దంచుకునే ఇంట్లో పాత బియ్యం ఎక్కడివి? వాళ్లింట్లో పురుడొస్తే మా నాయనమ్మ దగ్గరికే వచ్చేవారు. సోలెడు పాతవి ఇచ్చి, పంట చేతికొచ్చాక రెండు సోలల కొత్తవి కొలిపించుకునేదిట. ఆవిడ అది ఉపకారంగానే చెప్పేది. మంచి మనిషే. నాకు మాత్రం ఆ రెండో సోల ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది.

ఉప్పెనకి మాత్రం ఈ తేడాలు లేవు. 1864 నవంబరు 1న బందరులో 30 వేల మందిని మింగింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడేనాటికి వరి ఇంకా చేలోనే ఉంది. కోయాల్సిన కొత్త పంటా, పురిలో దాచిన పాత పంటా ఒక్క రాత్రిలో ఉప్పునీళ్ల పాలయ్యాయి. మనుషులే వేలల్లో పోయారు. సాయంగా వచ్చిన బియ్యాన్ని పాతవా కొత్తవా అని అడిగిన నోరు లేదని అవనిగడ్డ వైపు మా చుట్టాలు చెప్పేవారు.

ఇప్పుడు పురులూ లేవు, ఏడాది ఆగే ఓపికా లేదు. ధాన్యానికి ఆవిరి పట్టి, ఆరబెట్టి మర పట్టిస్తే కొత్తవి కూడా పొడిపొడిగా ఉడుకుతాయి. అదే స్టీమ్. తొందర మనకొక్కళ్లకే కాదులెండి. చైనాలో యునాన్ సీమ పూఅర్ తేయాకుని బిళ్లలుగా నొక్కి ఏళ్ల తరబడి నిలవ పెట్టేవారు. 1973లో కున్మింగ్ ఫ్యాక్టరీలో ఆకుని తడిపి, కుప్ప పోసి, వారాల్లో మగ్గబెట్టడం మొదలుపెట్టారు. పచ్చిదా, మగ్గిందా అని అక్కడి కొట్లోనూ అడుగుతారన్నమాట. వాళ్ల అత్తగార్లు ఏమంటారో!

మా అత్తగారు మూటలోంచి నాలుగు గింజలు తీసి పంటికింద నలిపారు. "రెండు నెలలు కూడా లేదురా అబ్బాయ్" అన్నారు. (ఈసారి 'రా' ఆవిడదే.) "స్టీమ్ తీసుకోండమ్మా, పాత బియ్యంలాగే ఉడుకుతాయి" అన్నాడు వాడు. "లాగే," అని ఊరుకున్నారావిడ. చివరికి పురిటికని అయిదు కిలోల స్టీమ్, ఇంట్లోకని ఓ మూట రా తీసుకున్నాం. ఇంటికొచ్చాక మూటని అటక కింద పెట్టించి, దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ నా చేత రాయించారు.